సీనియారిటీ ప్రకారం శబ్దం

మానవజాతి ప్రగతికంతటికీ మూలం సీనియారిటీ జాబితా. (నిప్పూ చక్రమూ ఆ తరువాతివి. వాటికి సర్వీసు తక్కువ.)

మా కార్యాలయంలో కుర్చీ ఎత్తూ, ఫ్యాను వేగమూ, టీలో చక్కెరా ఆ జాబితా ప్రకారమే. కనుక "మంటలొస్తే మెట్లదారిన బయటికి వెళ్లండి" అనే ప్రకటన రికార్డు చేయడానికి గొంతుల హెచ్చుతగ్గులు సర్దే మిక్సర్ వచ్చినప్పుడు, దాని మీటలకు మాత్రం మినహాయింపు ఎందుకుంటుంది?

ప్రకటన చదివేది పదకొండేళ్లుగా శాశ్వతంగా తాత్కాలిక ఉద్యోగం చేస్తున్న అనౌన్సరమ్మ. ఈ రికార్డింగులో గొంతు బాగుంటే పర్మినెంటు చేస్తామన్నారు. ప్రకటనకు ముందుమాట పెద్దసారుది. ఆ ముందుమాటకు ముందుమాట చిన్నసారుది.

మిక్సర్ నడిపే పెద్దాయనను అందరూ మీటల బాబాయ్ అంటారు. మాటను బట్టి మీట కదపడం ఆయన విద్య. గొంతు సరిగా ఉంటే పచ్చలైటు, హద్దుకొస్తే పసుపు, పగిలిపోతుంటే ఎర్రలైటు.

"పచ్చలో ఉన్నావమ్మా, చల్లగా ఉన్నావు. కాస్త బేస్ మోత తగ్గించి ట్రెబుల్ పదును పెంచానంటే ప్రతి అక్షరం గింజ ఏరినట్టు వినపడుతుంది" అన్నాడు బాబాయ్.

పెద్దసారు వంగి చూశారు. "ఆవిడకూ పచ్చే, నాకూ పచ్చేనా? నాకు ఎర్రలైటు పెట్టవయ్యా!"

"ఎర్రలో గొంతు చీలిపోద్ది సార్."

"ముప్పయ్యేళ్ల సర్వీసయ్యా నాది! చీలితే నా గొంతే కదా చీలేది?"

పెట్టారు. చిన్నసారు పసుపుతో సర్దుకున్నారు. వెంటనే పద్నాలుగో నిబంధన పుట్టింది: ట్రెబుల్ పైఅంతస్తు వారికి, బేస్ కింది అంతస్తు వారికి, తాత్కాలిక సిబ్బందికి ఒకే దీపం, అదీ మిణుకుమిణుకుమంటే చాలు.

"బాబాయ్, దుప్పటి కప్పుకుని మాట్లాడినట్టుంది. నా మాట నాకే వినపడట్లేదు."

"నాకూ అంతేనమ్మా. కానీ నిబంధన ప్రకారం వినపడుతున్నట్టే."

నెల తిరక్కుండా ఉత్తుత్తి అగ్నిప్రమాదం ఏర్పాటు చేశారు. పొగ వదిలారు. చిన్నసారు ముందుమాట అయ్యాక స్పీకర్లలో పెద్దసారు గొంతు సవరించుకున్నారు. కిటికీ అద్దాలు అదిరాయి. నూట నలభైమంది అలవాటుగా లేచి నిలబడ్డారు. అలాగే నిలబడి ఆయన ముందుమాటా విన్నారు. తరువాత స్పీకర్లు "మ్... మ్..." అన్నాయి. అది కూడా వినయంగా విన్నారు.

అనౌన్సరమ్మ చెప్పులు చేతబట్టుకుని అంతస్తు అంతస్తుకూ పరుగెత్తింది. "ఏం చూస్తున్నారండీ? మెట్లు! మెట్లు దిగండి!" మైకు లేదు, మీట లేదు. అందరూ దిగారు. పెద్దసారు అందరికంటే ముందు దిగారు (జాబితా ప్రకారం).

మర్నాడు అందరినీ హాల్లో కూర్చోబెట్టి జరిగిన పొరపాటును చిన్నసారు వివరించారు. పరికరంలో లోపం లేదు. నిబంధనలో అసలే లేదు. సిబ్బంది ప్రకటన కోసం ఎదురుచూడటమే పొరపాటు. ఇక అనౌన్సరమ్మ గొంతు రికార్డింగులో వినపడనందున పర్మినెంటు కుదరదు. మెట్లమీద అరిచిన అరుపులు మిక్సర్ గుండా రాలేదు గనుక పరిగణించలేదు.

"ఇదన్యాయం సార్!" అని ఆవిడ లేచి గట్టిగానే అంది.

సమావేశాన్ని పద్నాలుగో నిబంధన ప్రకారమే రికార్డు చేశారు. నిర్ణయానికి ఎవరూ అభ్యంతరం చెప్పినట్టు అందులో ఎక్కడా వినపడదు.