బొట్టు పెట్టి పిలిచిన దుకాణం

ఆ ఆదివారం పొద్దున మమతారాణి వేసుకున్న లెక్క చాలా సులువైనది. పదిన్నరకు రిబ్బన్ కత్తిరించడం, పదకొండుకు బోణీ, ఒంటిగంటకు ఇంటికి వెళ్లి భోజనం. వచ్చినవాళ్ల చేతిలో పెట్టడానికి నూరు లడ్డూలు, ఒక క్యాను నిమ్మకాయ షర్బత్. మాఘమాసం ఎండ ముదిరేలోపు కరీంనగర్ మంకమ్మతోటలో కొత్త దుకాణం ఒకటి నడక మొదలుపెట్టి ఉంటుంది. ఇల్లు కట్టినవాళ్లకో పెళ్లి చేసినవాళ్లకో తప్ప ఇలాంటి లెక్కలు ఎంతసేపు నిలుస్తాయో తెలియదు. మమతారాణి అప్పటికి ఆ రెండూ చేయలేదు.

దుకాణం పేరు మమతా మ్యాచింగ్ సెంటర్. చీరకు సరిపడే రవిక బట్ట, దాని లోపల వేసే లైనింగు, చీర అంచుకు కుట్టే ఫాల్సు, హుక్కులు, దారాలు. మొత్తం పదడుగుల షట్టరు గది. దీనికోసం ఆమె తొమ్మిదేళ్లుగా చేస్తున్న సూపర్‌మార్కెట్ కొలువు వదులుకుంది. అక్కడ బిల్లింగు కౌంటరులో రోజుకు పది గంటలు నిలబడాలి. బాత్‌రూంకు వెళ్తే మేనేజరు గడియారం చూసేవాడు. చివరి రోజున అతను, "ఉగాది దాక నీ జాగల ఎవర్ని పెట్టం తియ్యి, ఎట్లయినా వాపస్ వస్తవు" అని నవ్వాడు. ఆ నవ్వు ఆమెకు అన్నం తింటున్నప్పుడు కూడా గుర్తొచ్చేది. దుకాణం నిలవకపోతే మళ్లీ వెళ్లి ఆ నవ్వు ముందే నిలబడాలి. ఆమెకున్న భయమల్లా అదొక్కటే.

వ్యాపారం ఆమె ఫోనులో నేర్చుకుంది. నల్లకోటు వేసుకున్న ఒక పెద్దమనిషి, కొత్తగా వ్యాపారం పెట్టేవాళ్లకు రోజుకో పాఠం చెప్పేవాడు. ఆయన ఏం అమ్మి బాగుపడ్డాడో ఎప్పుడూ చెప్పలేదు, ఈమెకు అడగాలనీ తోచలేదు. "ట్రెండు పట్టుకోండి" అన్నది నాలుగో పాఠం. మమతారాణి హైదరాబాదు వెళ్లి పిస్తా, పీచ్, లావెండర్ అంటూ అన్నీ లేత రంగులే పట్టుకొచ్చింది. "కస్టమరును ఇంటికి వెళ్లి పిలవండి" అన్నది ఏడో పాఠం. అది విని ఆమె మూడు వందల కరపత్రాలు అచ్చు వేయించి, పిలిచే పని అత్తగారు శంకరవ్వకు అప్పజెప్పింది.

"అత్తమ్మా, గీ కాయితాలు వట్టుకొని ఇంటింటికి పోవాలె. ఆదివారం రమ్మని చెప్పాలె."

"పిలుపులకేనా? గాయింత దానికి కాయితాలెందుకే? నేను పిలిస్తే రానోళ్లు ఉన్నరా?"

"జర మంచిగ పిలువు అత్తమ్మా. అందరు రావాలె."

"గది నాకిడిచిపెట్టు బిడ్డా."

మనుషుల్ని పిలవడం శంకరవ్వకు ఒకే రకంగా తెలుసు. కుంకుమ భరిణె పట్టుకుని గడప గడపకూ వెళ్లడం, ఆడవాళ్ల నుదుట బొట్టు పెట్టడం, "ఆదివారం మా దగ్గర పనున్నది, పొయ్యి ముట్టియ్యకుండ ఇంటిల్లిపాది రావాలె" అనడం. మంకమ్మతోట పూర్తయ్యాక ఆమె ధర్మపురి బస్సెక్కి పుట్టింటివాళ్లనూ పిలిచి వచ్చింది. పని అంటే శుభకార్యమే; ఏదని ఎవరూ అడగలేదు. బొట్టు పెట్టించుకున్నాక అలా అడగడం మర్యాద కాదు. కరపత్రాలు సంచి అడుగున భద్రంగా ఉన్నాయి. వంట సంగతి కోడలు చూసుకుంటోందని అత్త, కరపత్రాలు అత్త పంచుతోందని కోడలు నమ్మారు. రోజూ అన్నం దగ్గర "పిలుపులు అయితున్నయా?" "అయితున్నయి" అని ఇద్దరూ తృప్తిగా మాట్లాడుకున్నారు కూడా.

ఆదివారం పదిన్నరకు రిబ్బన్ కత్తిరించింది ఎదుటి బట్టల దుకాణం ఖయ్యూం. ముప్పై ఏళ్లుగా అదే వీధిలో చీరలు అమ్ముతున్న మనిషి. "బిస్మిల్లా" అని కత్తెర వేసి, "బేటీ, దుకాణంల ఉత్తగ ఏమియ్యకు. ఉద్దెర అసలే ఇయ్యకు" అని తన వంతు పాఠం ఒకటి చెప్పాడు.

చప్పట్లు ఆగకముందే ఒక ట్రాలీ ఆటో వచ్చి ఆగింది. అందులోంచి ధర్మపురి సత్తమ్మ, ఆమె వెనుక పదకొండు మంది, వాళ్లందరి వెనుక పసిపిల్లల్ని ఊపే కొత్త చెక్క తొట్టెల దిగారు. సత్తమ్మ శంకరవ్వకు వరసకు చెల్లెలు.

"పిల్ల ఏదే?" అంది సత్తమ్మ.

"ఏం పిల్ల చిన్నత్తమ్మా?"

"తొట్టెలల ఏసేటి పిల్ల! బొట్టు పెట్టి పిలిచినంక ఇంకేం పని ఉంటదనుకున్న?"

మమతారాణికి ఉన్నది ఒక్క కొడుకు. వాడు తొమ్మిదో తరగతి. ఆ తొట్టెలలో వాడి కాళ్లు కూడా పట్టవు. ఆమె ఏదో చెప్పబోయేలోపు ఆమె భర్త హరీష్‌కు మేనమామ అయిన రాయమల్లు సీలింగు ఫ్యాను డబ్బా భుజాన పెట్టుకుని దిగాడు. ఆయన గృహప్రవేశం అనుకున్నాడు. షట్టరు గదంతా కలియజూసి, మేనల్లుణ్ని పక్కకు పిలిచాడు.

"అల్లుడా, గింతనేనా ఇల్లు? అరలు మంచిగనే కొట్టిచ్చినవ్ గని, పొయ్యి ఏడ పెడుతరు? పండుకునుడు ఏడ?"

"ఇది ఇల్లు కాదు మామా, దుకాణం."

"గట్లనా," అన్నాడు రాయమల్లు. నమ్మినట్టు లేదు. నిచ్చెన అడిగి తెప్పించుకుని ఫ్యాను బిగించడం మొదలుపెట్టాడు.

పన్నెండు గంటలకు నూటయాభై మంది అయ్యారు. దుకాణంలో చాపలు పరిచి ఆడవాళ్లు కూర్చున్నారు. చోటు చాలనివాళ్లు రోడ్డు దాటి ఖయ్యూం దుకాణంలో పరుపుల మీద కూర్చున్నారు. ఆటోలు ఇంకా వస్తూనే ఉన్నాయి. నీలం చీర పట్టుకుని ఇద్దరు కాలేజీ అమ్మాయిలు నిజంగానే బట్ట కొనడానికి వచ్చారు. లోపలికి తొంగిచూసి, "ఏదో ఫంక్షన్ అయితున్నట్టున్నది, పోదాం పా" అని వెళ్లిపోయారు. మమతారాణి ఆ నీలం చీర సందు మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడింది. లడ్డూలు అప్పటికే అయిపోయాయి.

పన్నెండున్నరకు రాయమల్లు నిచ్చెన దిగి చేతులు దులుపుకున్నాడు. "వంటలేడ అయితున్నయి అల్లుడా? వాసన రాకపాయె."

హరీష్ ఆర్టీసీ డిపోలో మెకానిక్. ఏ బస్సుకు ఏ రోగం ఉందో చప్పుడు విని చెప్పగలడు. సొంత ఇంట్లో వారం రోజులుగా ఏం జరుగుతోందో మాత్రం అతనికి తెలియదు. "వంటలా?" అని భార్య వైపు చూశాడు. భార్య అత్త వైపు చూసింది.

"అత్తమ్మా, వీళ్లకు అన్నం పెడుతమని చెప్పినవా?"

"బొట్టు పెట్టి పిలిచి అన్నం పెట్టకుండ ఉంటరే? నువ్వు వంటకు చెప్పలేదా?"

"నువ్వు కాయితాలు పంచలేదా?"

ఇంటిల్లిపాదినీ పిలిచి ఆకలితో పంపారన్న మాట వీళ్ల ఆటోల కంటే ముందు ధర్మపురి చేరుతుందని ముగ్గురికీ తెలుసు. అది ఇంకో ఇరవై ఏళ్లు ప్రతి పెళ్లిలోనూ తలపుకొస్తుందని కూడా తెలుసు. అంతసేపూ పరుపుల మీది జనాన్ని దాటుకుంటూ తిరుగుతున్న ఖయ్యూమే ముందుకు వచ్చాడు.

"పరేషాన్ కాకుండ్రి. మా బామ్మర్ది ముకర్రం దావత్‌లకు వండుతడు. సామాను మీరు తేండ్రి, రెండు దేగులు ఎక్కిపిస్త."

దుకాణం వెనుక సందులో రెండు పెద్ద దేగులు పొయ్యెక్కాయి. బగారన్నం, కోడికూర. హరీష్ కోళ్ల కోసం పరుగెత్తాడు. మమతారాణి కొత్త పట్టుచీర కొంగు నడుముకు చుట్టి ఉల్లిగడ్డలు కోయడానికి కూర్చుంది. కళ్లలో నీళ్లు కారుతుంటే ఎందుకు కారుతున్నాయని ఎవరూ అడగకపోవడం ఒక్కటే ఆ పనిలో ఉన్న సుఖం. రెండున్నరకు విస్తర్లు వేశారు. వరస వెనుక వరస తిన్నారు. కూర బాగుందన్నారు. వడ్డించి వడ్డించి మమతారాణి నడుము పట్టేసింది. దుకాణంలో అత్తగారు ఉందిగదా అని ధైర్యంగా ఉంది.

దుకాణంలో అత్తగారు నిజంగానే ఉంది. తిన్న ఆడవాళ్లు చెప్పి వెళ్లడానికి ఒక్కొక్కరే వస్తుంటే, ప్రతి ఒక్కరికీ బొట్టు పెట్టి, అరలోంచి ఒక రవిక బట్ట తీసి, రెండు తమలపాకులతో కలిపి ఒడిలో పెడుతోంది. మొదట ఖయ్యూం తన దుకాణంలోంచి ఇది చూసి కళ్లద్దాలు తుడుచుకున్నాడు. మళ్లీ చూసి రోడ్డు దాటి వచ్చాడు.

"అక్కా! గిదేం పని? అవి అమ్మేటి మాల్!"

"మరి ముత్తయిదలను ఉత్త చేతులతోని పంపుతమా భాయ్? ఇంటి మర్యాద ఏంగావాలె?"

ఖయ్యూం సందులోకి పరుగులాంటి నడక నడిచాడు. ఆయన వయసుకూ బరువుకూ అది గొప్ప విషయమే. కానీ విస్తర్ల మధ్య మమతారాణిని వెతికి పట్టుకునేసరికి పావుగంట పట్టింది. ఆమె చేతిలో గరిటెతోనే వచ్చి చూసేసరికి అరలు ఖాళీగా ఉన్నాయి. పిస్తా లేదు, పీచ్ లేదు. లైనింగు తానులు, ఫాల్సు కట్టలు మాత్రం మిగిలాయి.

"గవి ఉంచిన," అంది శంకరవ్వ. "లైనింగ్ ఒడిల పెడితే బాగుండదు గదా."

మమతారాణి గరిటె పట్టుకుని మళ్లీ విస్తర్ల దగ్గరికి వెళ్లింది. సాయంత్రం అందరూ వెళ్లిపోయాక చాప మీద కూర్చుని ఏడ్చింది. తొట్టెల ఒక మూలన ఉంది. పైన ఫ్యాను తిరుగుతోంది.

"రేపటికెల్లి మళ్ల గా కౌంటర్లనే నిలవడాలె అత్తమ్మా. వాని మొహమే చూడాలె."

"నీ దుకాణం మునగాలని చేసిన్నానే?"

"కాదు అత్తమ్మా. గదే బాధ. నువ్వు కావాలని చేసి ఉంటే నోరారా తిట్టుకుందు."

తాను చేసిన పనిలో తప్పు ఎక్కడుందో వెతికితే శంకరవ్వకు కనిపించలేదు. కోడలి కళ్లు వాచి ఉండటం మాత్రం కనిపించింది. ఆమె ఎంగిలి విస్తర్లు ఒక్కతే ఎత్తింది. తర్వాత వచ్చి కోడలి పక్కన చాప మీద కూర్చుని, కాసేపు ఆమె వీపు నిమిరింది. అలాంటి మనిషి మీద కోపం నిలుపుకోవడం కష్టం. మమతారాణికి అది ఇంకా కష్టంగా ఉంది.

సోమవారం పొద్దున గది ఖాళీ చేస్తామని ఓనరుకు చెప్పడానికి ఆమె దుకాణానికి వెళ్లింది. మెట్ల మీద ఇరవై మంది ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. ముందు సత్తమ్మ. రాత్రి కరీంనగర్‌లోనే కూతురింట్లో ఆగిపోయినట్టుంది.

"ఎన్నింటికి తెరుస్తవే? ఎనిమిది సంది కూసున్నం."

"ఏమైంది చిన్నత్తమ్మా?"

"ఏమయ్యేదేంది? నువ్వు పెట్టిన బట్ట అసలు రూబియానాయె. దీనికి లైనింగ్ కావాలె, హుక్కులు కావాలె."

ఇలాంటి పనుల్లో ఒడిలో పెట్టే బట్ట చవకరకం జారుడు బట్ట. దాన్ని ఎవరూ కుట్టించుకోరు. పెట్టెలో దాచి, తమ ఇంట్లో పని పడినప్పుడు ఇంకొకరి ఒడిలో పెడతారు. అలా ఊరంతా తిరుగుతుందే గానీ అది ఒంటి మీదికి ఎక్కదు. మమతారాణి దుకాణపు మెత్తని రూబియా నూలుబట్ట ముట్టుకోగానే దాచాలని ఎవరికీ అనిపించలేదు. కుట్టించుకోవాలనే అనిపించింది. అయితే పెద్దవాళ్లకు ఆ లేత రంగులు నచ్చలేదు. "వెలిసిపోయిన దాని లెక్క ఉన్నది" అని చాప మీద కూర్చుని తమ కోడళ్లతో, కూతుళ్లతో మార్చుకున్నారు. లేతవి చిన్నవాళ్లు తీసుకున్నారు. పెద్దవాళ్లు ఇంటికి వెళ్లి చీరలు తెచ్చి, "గీ మెరూన్‌కు తెప్పియ్యి", "నాకు చిలకాకుపచ్చ", "నాకు ముదురు పసుపు" అని చెప్పారు. మమతారాణి నోటుబుక్కులో రాసుకుంటూ పోయింది. పీచ్ అన్నవాళ్లు ఒక్కరు కూడా లేరు. ఆ సరుకు అమ్మకానికే పెట్టి ఉంటే మూడు ఉగాదులైనా అరలు దిగేది కాదని ఆమెకు అప్పుడు అర్థమైంది. నల్లకోటు పెద్దమనిషి ఆ సంగతి చెప్పలేదు.

"తెప్పియ్యనీకె నాలుగు దినాలు పడుతది. అందాక వేరే దగ్గర దొరుకుతదేమో చూసుకోండ్రి," అంది ఆమె నిజాయితీగా.

సత్తమ్మకు కోపం వచ్చింది. "ఏం మాట్లాడుతున్నవే? నీ చేతి అన్నం తిని, నీ బట్ట ఒడిల పెట్టించుకొని, ఇంకోని దుకాణం మెట్లెక్కుతమా? మాకు సిగ్గుండదా?"

మధ్యాహ్నానికి లైనింగు తానులు అయిపోయాయి. ఫాల్సు కట్టలు అయిపోయాయి. మమతారాణి హైదరాబాదుకు ఫోను చేసి ముదురు రంగులు పంపమంది. గది ఖాళీ చేసే సంగతి ఓనరుకు చెప్పడం మరచిపోయింది. సూపర్‌మార్కెట్ మేనేజరు నవ్వు ఆ రోజు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు. అది గుర్తు రాలేదన్న సంగతి మర్నాడు గుర్తొచ్చి, ఒక్కతే నవ్వుకుంది.

సాయంత్రం ఖయ్యూం రోడ్డు దాటి వచ్చాడు. మొహం చిన్నబోయి ఉంది.

"బేటీ, గా ధర్మపురి సత్తమ్మ ఇరవై ఏండ్ల సంది నా గిరాకి. నిన్న నా పరుపుల మీద్నే కూసున్నది. ఇయ్యాల నా దిక్కు చూడకుండ పోయింది."

"తప్పయింది చాచా. గట్ల అయితదని నాకు తెల్వది."

"తప్పేం లేదు." ఆయన గొంతు తగ్గించి, చాప మీద ఫాల్సు ముక్కలు చుడుతున్న శంకరవ్వ వైపు చూశాడు. "మా బిడ్డ యుమ్నా వచ్చే నెల బుర్ఖాల దుకాణం పెడుతున్నది. మీ అత్తమ్మను నాలుగు దినాలు పంపుతవా? బొట్టు వద్దు, పిలుపు చాలు. ఎంతంటే అంత ఇస్త."

మమతారాణి అక్కడికక్కడే అత్తగారికి నెల జీతం ఖాయం చేసింది. శంకరవ్వ ఇద్దరినీ చూసి, ఆలోచించుకుని చెప్తానంది.