పదకొండు గంటల మొక్కు

శనివారం పదకొండు గంటలకు పెసరట్టు ఉప్మాతో మొదలుపెట్టి, పులిహోర మీదుగా కేకు దాకా పెట్టేయాలని నాగదుర్గ నిశ్చయించుకుంది. ఆవిడ ఒకటి నిశ్చయించుకుంటే గోదావరి అయినా పక్కనుంచి పోవలసిందే. స్కూల్లో తోటి టీచరు హైదరాబాదులో చూసొచ్చి చెప్పిన వేడుక అది. పెళ్లికి ముందు పెళ్లికూతురిని కూర్చోబెట్టి, బాగా దగ్గరవాళ్లు మాత్రం చేరి, కబుర్లాడుకుంటూ తింటారట. వేడుక పేరు బ్రైడల్ షవర్, తిండి పేరు బ్రంచ్.

"అంటే టిఫినా, భోజనమా?" అన్నాడు భర్త సత్యప్రసాద్, అద్దం ముందు దువ్వెనతో. యాభైకి దగ్గరపడుతున్నా నల్లగా ఒత్తుగా ఉన్న ఆ జుట్టే, ఆఫీసులో ఆయనకున్న ఏకైక హోదా.

"రెండూను. మీరు కుర్చీల సంగతి చూడండి, చాలు."

పెళ్లికూతురు సత్యశ్రీ నాగదుర్గకు అక్క కూతురు. అక్క పోయి ఆరేళ్లయింది. భార్య లేని తండ్రి ఒక్కడే కన్యాదానం చేయకూడదు కాబట్టి పీటల మీద కూర్చోవడానికి దంపతులు కావాలి. ఆ దంపతులు తామే కావాలని నాగదుర్గకు కొండంత ఆశ. కానీ ఆ నిర్ణయం కొవ్వూరులో ఉన్న పిల్ల నాయనమ్మ శ్యామలాంబగారిది. ఆ ఇంట్లో తమలపాకు కదలాలన్నా ఆవిడ చెప్పాలి. ఆవిడ పెద్దకొడుకూ కోడలూ కూర్చుంటారని అందరూ అనుకుంటున్నారు. అడిగి కాదనిపించుకునే ధైర్యం లేక నాగదుర్గ అడగనే లేదు. 'పెళ్లి వాళ్లది, ఈ ఒక్క పూటా నాది' అనుకుంది. అందుకే నాయనమ్మకీ మనవరాలికీ తెలియనివ్వబోమని పిలిచిన వాళ్లందరి చేతా ఒట్టు వేయించుకుంది.

ఇక పిల్లని కొవ్వూరు నుంచి రాజమండ్రి రప్పించాలి. గురువారం ఫోన్ చేసింది.

"అత్తయ్యగారూ, మన సత్యకి సంబంధం కుదిరితే కోరుకొండ గుడికి వస్తానని మొక్కుకున్నానండి. శనివారం పొద్దున్నే పిల్లని పంపితే ఇద్దరం వెళ్లొచ్చేస్తాం."

"ఏం మొక్కావమ్మాయ్?"

అంతదూరం నాగదుర్గ ఆలోచించుకోలేదు. ఎదురుగా సత్యప్రసాద్ పాపిట సరిచేసుకుంటున్నాడు.

"తలనీలాలండి."

"ఎవరివి?"

"మా ఆయనవండి."

దువ్వెన కింద పడింది.

అవతల శ్యామలాంబగారు గొంతు సవరించుకున్నారు. "మా పిల్ల కోసం మీరు అంత మొక్కు మొక్కితే మేం ఇంట్లో కూర్చుంటామా? వ్యాను మాట్లాడతాను. మనవాళ్లందరికీ నేనే కబురు పెడతాను."

పెట్టారు. మనవాళ్లంటే ఇంకెవరు, నాగదుర్గ బ్రంచ్‌కి పిలిచిన వాళ్లే. సత్యశ్రీ స్నేహితురాలు క్రిస్టినా తప్ప ఒక్కరూ మిగల్లేదు. శ్యామలాంబగారు పిలిస్తే కాదనే అలవాటు ఎవరికీ లేదు. వేరేచోట పిలుపుందని చెబుదామంటే ఒట్టు అడ్డం.

"పోనీ నిజం చెప్పెయ్యవే" అన్నాడు సత్యప్రసాద్, రెండు చేతులూ నెత్తిమీద పెట్టుకుని.

"దేవుడి పేరు చెప్పి అబద్ధమాడానంటే నన్ను పెళ్లి పందిట్లోకే రానివ్వరు. జుట్టుదేముందండి, మళ్లీ వస్తుంది. ఏడింటికి బయల్దేరదాం. పదకొండుకి పెనం మీద అట్టు పడాలి."

శనివారం వ్యాను తొమ్మిది దాటాక వచ్చింది. ముందుగా సత్యశ్రీ దిగింది. వెనకే శ్యామలాంబగారు దిగి గొంతు తగ్గించారు.

"పిల్ల బయట ఉందమ్మాయ్. గుడికి పనికిరాదు."

నాగదుర్గకు ప్రాణం లేచొచ్చింది. "అయితే ఇంకోవారం పెట్టుకుందామండి."

"జుట్టు మీ ఆయనది కదా, పిల్లతో పనేంటి? మీ ఇంట్లో ఓ మూల కూర్చుంటుంది. మీరెక్కండి."

అలా పెళ్లికూతురు బెలూన్లు కట్టిన ఇంట్లోకీ, వేడుక చేసేవాళ్లూ వేడుకకు వచ్చేవాళ్లూ కోరుకొండకీ వెళ్లారు.

కోరుకొండ మెట్లు నిట్టనిలువుగా ఉంటాయి. పెద్దావిడ వాటి వైపు ఒకసారి చూసి కిందే మంటపంలో కూర్చున్నారు. కూర్చునే, మొక్కు తీరేదాకా ఎవరూ పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదని చెప్పారు. నాగదుర్గ పినతల్లి కూతురు నాలుగు మెట్లకోసారి ఆగుతోంది.

"మీ ఇంట్లో గట్టిగా తినొచ్చని రాత్రి కూడా సరిగ్గా తినలేదే" అంది నీరసంగా.

"ఎక్కు. ఇంకా టైముంది" అంది నాగదుర్గ.

టైము లేదు. తలనీలాల దగ్గర వరసలో ఉండగానే పదకొండు దాటింది. కత్తి నెత్తికి తగిలేముందు సత్యప్రసాద్ భార్య వైపు ఒక చూపు చూశాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆవిడ అలాంటి చూపు ఎరగదు. స్వామి ముందు నిలబడ్డాక ఆవిడకు నిజంగానే ఏడుపొచ్చింది. 'తండ్రీ, అబద్ధం నాది, జుట్టు ఆయనది. కోపం వస్తే నా ఒక్కదాని మీదే చూపించు' అని దణ్ణం పెట్టుకుంది.

ఇల్లు చేరేసరికి రెండయింది. తలుపు తీసింది క్రిస్టినా. శ్యామలాంబగారు గడపలోనే ఆగి బెలూన్లను, వరసగా పెట్టిన గిన్నెలను, మధ్యలో కేకును చూశారు.

"ఇదంతా ఏంటి?"

నాగదుర్గ భర్త వెనక్కి జరిగింది.

"మొక్కు తీర్చుకుని వచ్చేవాళ్లకి సంతర్పణ అండి" అంది క్రిస్టినా. "ఆంటీ నిన్నటినుంచీ ఇదే పనిలో ఉన్నారు."

"ఆ కేకు కూడానా?"

"గుడ్డు వెయ్యందేనండి."

ఆకలి మీదున్న జనం ఆ మాటతో లోపలికి దూసుకొచ్చారు. నాగదుర్గ వంటింట్లోకి వెళితే, సత్యశ్రీ స్టవ్ దగ్గర నిలబడి పెసరట్లు వేస్తోంది.

"నువ్వు ముట్టుకోకూడదు కదే."

"నాకేం లేదు పిన్నీ. ఈ సంగతి క్రిస్టినా నాకెప్పుడో చెప్పేసింది. నేను గుడికి రానంటే కొండ ప్రయాణం ఆగి, ఇది జరుగుతుందేమోనని మామ్మతో అలా అన్నాను."

"దేవుడి విషయంలో అబద్ధమా?"

"నీ మొక్కెంత నిజమో ఇదీ అంతే" అని సత్యశ్రీ పిన్ని మెడచుట్టూ చేతులు వేసింది. "అమ్మ పోయాక నాకోసం అబద్ధమాడింది నువ్వొక్కదానివే."

అప్పుడే హాల్లోంచి కేక వినిపించింది. "అమ్మాయ్, ఇలా రా. మీ ఆయన్నీ రమ్మను."

దంపతులిద్దరూ వెళ్లి నేరస్థుల్లా నిలబడ్డారు. శ్యామలాంబగారు రెండో పెసరట్టు పూర్తిచేసి చేయి కడుక్కున్నారు. "నువ్వూ తలనీలాలివ్వరా అని నిన్న మా పెద్దాడిని అడిగాను. మొన్ననే రంగు వేయించుకున్నానన్నాడు. పిల్ల మీద ఎవరి ప్రేమ ఎంతో తెలిసింది. వచ్చేవారం పీటల మీద మీరిద్దరే కూర్చోండి."

నాగదుర్గ ఆవిడ కాళ్లకు దణ్ణం పెట్టి అలాగే ఉండిపోయింది. నిజం గొంతుదాకా వచ్చింది. పక్కన సత్యప్రసాద్ గట్టిగా గిల్లడంతో మళ్లీ లోపలికి వెళ్లింది.

ఆ పెళ్లి ఆల్బమ్‌లో కన్యాదానం ఫోటోలు చాలానే ఉన్నాయి గాని, కెమెరా ఫ్లాషు సత్యప్రసాద్ నెత్తిమీద పడి మెరవనిది మాత్రం ఒక్కటీ లేదు.