ఆరు చాపల గదికి వంద వాట్లు

ఇల్లు ఎంత ఇరుకైతే ఆంప్లిఫయర్ అంత పెద్దదై ఉండాలి. ఇది నా పదకొండేళ్ల అనుభవసారం. టోక్యోలో నాది ఆరు చాపలు పరిస్తే నిండిపోయే గది. గోడకి అవతల ఇసోగై గారనే పెద్దావిడ ఒంటరిగా ఉంటారు. ఆవిడ అగ్గిపుల్ల గీస్తే నాకు వినిపిస్తుంది. ఇలాంటి చోట, పాత రేడియోల్లో ఉండే గాజు వాల్వులతో నడిచే వంద వాట్ల ఆంప్లిఫయర్ లేకుండా మనిషి ఎలా బతుకుతాడు!

కొనే రోజున అకిహబారా ఎలక్ట్రానిక్స్ బజారులో వాల్వులమ్మే నెగిషి అడ్డుపడ్డాడు.

"మీ స్పీకర్లకి రెండు వాట్లు చాలండీ. మీరు వినేదానికి అర వాట్ కూడా ఖర్చవదు. వందతో ఏం చేస్తారు, స్టేషన్లో రైళ్ల వేళలు చదువుతారా?"

"కొంత నిలవ ఉండాలి కదా" అన్నాను.

"ముల్లంగి ఊరగాయా, నిలవ ఉంచడానికి!"

వ్యాపారి కదా, మనసు సంగతి తెలియదు. వాడని శక్తి ఇచ్చే ధైర్యం వాడేసిన శక్తి ఇస్తుందా? ఇరవై రెండేళ్లుగా మా సెక్షన్ చీఫ్ ముందు తల వంచి "అలాగేనండి" అంటున్నాను. అది అర వాట్. మిగతా తొంభై తొమ్మిదిన్నర నాలో భద్రంగా ఉంది. సాయంత్రం ఇంటికొచ్చి, ఎర్రగా వెలిగే ఎనిమిది వాల్వుల ముందు కూర్చుంటే అద్దంలో చూసుకున్నట్టే ఉంటుంది.

లాభాలు ఇంకా ఉన్నాయి. చలికాలంలో హీటరు అక్కర్లేదు. వేసవిలో ఆ వేడికి గదిలో ఉండలేం కనుక నడక అలవాటవుతుంది. నాబ్‌ని వెంట్రుకవాసి మించి తిప్పకూడదు కనుక వేళ్లకు నిగ్రహం వస్తుంది. చుట్టాలంటారా? వస్తే కూర్చునే చోటేదీ!

వాల్వు మార్చినా, తీగ మార్చినా ఒకే పాటతో పరీక్షిస్తాను. పాత పాట. రేవులో ఒకమ్మాయి పడవ కోసం ఎదురుచూస్తుంటుంది. నలభయ్యో సెకనులో గాయని ఊపిరి తీసుకుంటుంది. ఆంప్లిఫయర్ గుణమంతా ఆ ఊపిరిలోనే తెలుస్తుంది. అక్కడ ఆపేసి, ఇంకో వాల్వు పెట్టి, మళ్లీ మొదటి నుంచి. సంగీతం మీద శ్రద్ధంటే ఇదీ!

కిందటి ఆదివారం గోడ మీద టకటకమని చప్పుడు. పదకొండేళ్లలో మొదటిసారి! క్షమాపణ చెప్పడానికి మా ఆచారం ప్రకారం మిఠాయి పెట్టె పట్టుకుని ఇసోగై గారి గుమ్మంలో వంగి నిలబడ్డాను.

"శబ్దం ఎక్కువైందాండీ?"

"శబ్దమా! గోడకి చెవి ఆనిస్తే గానీ వినపడి చావదు." ఆవిడ వెనక అట్టపెట్టెలు దొంతరగా ఉన్నాయి. "గురువారం మా చెల్లెలి ఊరు వెళ్లిపోతున్నాను ముకాయ్ గారూ. ఒక్క మాట అడుగుతాను, ఏమనుకోకండి. పదకొండేళ్లుగా ఆ పిల్ల రేవులో నిలబడే ఉంది. ఇంతకీ పడవ వస్తుందా, రాదా?"

పెట్టెను రెండు చేతులా పట్టుకుని ఆలోచించాను. వంద వాట్లున్నవాణ్ణి. నాకు తెలియదు.

"కనుక్కుని చెబుతానండీ" అన్నాను.

కొత్త వాల్వులు శుక్రవారం వస్తాయి. మంచి వాల్వులు లేకుండా ఒక పాటను చివరిదాకా వినడం భావ్యమా, మీరే చెప్పండి!