పిన్ని చెవికి గోల్డ్ ప్లాన్

“లోకంలో నేరస్తులు రెండే రకాలు. నాకు దొరికినవాళ్లు, దొరకబోయేవాళ్లు,” అని ప్రకటించాడు డేగకన్ను, నా టైలరింగ్ షాపు గుమ్మంలో నిలబడి. మొదటి రకంలో ఇంతవరకూ ఒక్కరూ చేరలేదని నేను అనలేదు. చిన్ననాటి స్నేహితుడు మరి. డేగకన్ను అన్న డిటెక్టివ్ పేరు వాడికి వాడే పెట్టుకున్నాడు. కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతుక్కునే మనిషి.

మా పిన్ని అప్పటికే షాపులో దిగాలుగా కూర్చుని ఉంది. ఆవిడ చెవి మిషన్ పొద్దున్నించీ పలకడం లేదు. అది ఫోన్లో యాప్ ఎలా చెబితే అలా నడుస్తుంది. కొన్నాళ్లు ‘గోల్డ్’ వినికిడి ఉచితం అంటే ఆవిడ ఒక్క నొక్కు నొక్కి చేరిపోయింది. గడువు తీరింది. ఇప్పుడు గోల్డ్ కొనాలి, లేదా రద్దు చేసుకుని పాత వినికిడికి రావాలి. ఏదో ఒకటి తేల్చేదాకా చెవి బంద్. కొనే బటన్ గుమ్మడికాయంత ఉంది. రద్దు చేసే బటన్ వెతికినా లేదు. సాయంత్రం బడిలో మనవరాలు మొదటిసారి స్టేజీ ఎక్కి పాడబోతోంది.

“ఇది మామూలు మౌనం కాదు. దీని వెనక ఒక అదృశ్య హస్తం ఉంది,” అన్నాడు డేగకన్ను.

“కంపెనీ ఉంది,” అన్నాను.

“ఏమంటున్నాడ్రా?” అంది పిన్ని. గుడ్డముక్క మీద సుద్దతో ‘ఏమీ లేదు’ అని రాసి చూపించాను.

యాప్‌లో సహాయానికి ‘సఖి’ ఉంది. అది మనిషి కాదురా, ప్రోగ్రామని మొత్తుకున్నా వాడు వినలేదు. విచారణ మొదలెట్టాడు.

‘నిన్న సాయంత్రం ఎక్కడున్నావు?’ అని టైపు చేశాడు.

‘మేము రాత్రింబవళ్లు మీ సేవలోనే ఉంటాం.’

“గడుసుది. ముందే సాక్ష్యం సిద్ధం చేసుకుంది,” అని పళ్లు కొరికి మళ్లీ కొట్టాడు. ‘రద్దు బటన్ ఎక్కడ దాచావు?’

‘మీ బాధ మాకు అర్థమైంది. గోల్డ్ కొంటారా?’

“చూశావా, మాట మారుస్తోంది. దోషులంతా ఇంతే.”

వాడి జీవితంలో అదొక్కటే సరైన నిర్ధారణ. వినియోగదారుల ఆఫీసుకు నేను పొద్దున్నే ఫోన్ చేశాను. కంపెనీ ఒక దేశంలో, దాని కంప్యూటర్లు ఇంకో దేశంలో ఉన్నాయన్నాను. “మా చట్టం తక్కెడల కాలం నాటిదండీ. తూకంలో తేడా ఉంటే చెప్పండి, వెంటనే పట్టుకుంటాం,” అన్నాడు గుమాస్తా. వినపడని చెవిని ఏ తక్కెడలో వేసి చూపించను?

“అయితే ముద్దాయి పరారీలో ఉన్నాడన్నమాట,” అంటూ డేగకన్ను యాప్‌లో దేశాల జాబితా తెరిచాడు. “వీటిలో ఒకచోట నక్కి ఉన్నాడు.” భూతద్దం పెట్టి ఒక్కో పేరూ చదువుతుంటే కత్తిరింపుల పీచు ముక్కులోకి పోయింది. షాపు అదిరేలా తుమ్మాడు. బొటనవేలు జారి, పలకడానికి కూడా నోరు తిరగని ఏదో దేశం మీద పడింది.

తెర మారింది. గుమ్మడికాయ పక్కన ఇంకో గుమ్మడికాయ వెలసింది. ‘రద్దు.’ కింద చిన్న అక్షరాల్లో ‘మీ దేశ చట్టం కోరినందువల్ల ఈ బటన్ చూపిస్తున్నాం’ అని ఉంది.

పిన్ని నొక్కింది. నేను కుట్టు మిషన్ తొక్కగానే, “దీనికి నూనె వెయ్యరా, కిర్రుమంటోంది,” అంది. నాకు కళ్లు చెమర్చాయి. విషయం చెప్పాక ఆవిడ ముఖం గంభీరమైంది.

“అంటే ఆ బటన్ ముందునించీ ఉందన్నమాట. మనకి చూపించలేదంతే.”

“అడిగే చట్టం మనకి లేదు కదా పిన్నీ.”

నాకు ఒళ్లు మండింది. డేగకన్నుకి మాత్రం ఒళ్లు పొంగింది. సాయంత్రం బడిలో మనవరాలు పాట ఎత్తుకున్న క్షణంనుంచీ, ఆ తుమ్ము తాను ఎంత ముందుచూపుతో తుమ్మాడో మా వెనక వరసలో కూర్చుని అందరికీ వివరిస్తూనే ఉన్నాడు. పిన్ని స్టేజీ మీదినుంచి చూపు తిప్పకుండా ఫోన్ నా చేతిలో పెట్టింది.

“ఒరేయ్, ఇతన్ని రద్దు చేసే బటన్ ఏ దేశంలో ఉందో చూడు.”