మంత్రిగారి జింక దర్శనం

ఉమ్మడి రాష్ట్రం రోజుల్లో, రాష్ట్ర జంతువైన కృష్ణజింకను మంత్రిగారు స్వయంగా దర్శించి, నార్సింగి పక్కనున్న గుట్ట మీది గడ్డిమైదానాన్ని ప్రపంచ పటంలో పెట్టనున్నారని పత్రికల్లో ప్రకటన వెలువడింది. ఇన్నాళ్ళూ ఆ గుట్ట ఏ పటంలో ఉందో ఎవరూ అడగలేదు.

అందరికంటే ఎక్కువ సంతోషించినవాడు వాచర్ రామన్న. పన్నెండేళ్ళుగా దినకూలీ మీద ఆ జింకలను కాస్తున్నాడు. మంత్రిగారి కంట ఒక్క జింక పడితే చాలు, పర్మనెంట్ ఆర్డరు ఇప్పిస్తానని అటవీశాఖ ఆఫీసరు విశ్వేశ్వరరావు మాటిచ్చాడు.

విశ్వేశ్వరరావుది సామాన్యమైన దూరదృష్టి కాదు. నడుమెత్తు గడ్డిలో మంత్రిగారికి పాము ఎదురైతే తన ప్రమోషన్ పోతుందని గడ్డంతా కోయించాడు. రాళ్ళకు సున్నం కొట్టించి, దారికి రెండువైపులా బ్లీచింగ్ పౌడర్ చల్లించాడు. మైకు టెస్టింగ్ పేరిట మూడు రోజులు దేశభక్తి గీతాలు మోగించాడు.

"గడ్డి కోస్తే జింకలుండయి సార్," అన్నాడు రామన్న.

"గవర్నమెంటు జింకలయ్యా, పర్మిషన్ లేకుండా ఎక్కడికి పోతాయి?"

పోయాయి. పర్యటన నాటికి గుట్ట మీద మిగిలిన ప్రాణి రామన్న ఒక్కడే. పన్నెండేళ్ళ ఆశ గడ్డితోపాటే తెగిందని కుమిలిపోయాడు.

మంత్రిగారు బైనాక్యులర్స్‌తో నాలుగు దిక్కులూ గాలించారు. విశ్వేశ్వరరావు తొణక్కుండా లాప్‌టాప్ తెరిచాడు. నిరుటి ఫొటోలో మగజింక ఒకటి స్క్రీన్ మీద కొమ్ములెత్తి నిలబడింది. మంత్రిగారు పులకించిపోయారు. రాష్ట్రంలోని వన్యప్రాణులన్నిటినీ కంప్యూటరైజ్ చేస్తామని, ఇక అడవులకు వెళ్ళే శ్రమ ప్రజలకు ఉండదని మైకులో సెలవిచ్చారు. తర్వాత ఆయన చూపు నున్నటి గుట్ట మీద పడింది.

"హైటెక్ సిటీకి ఇంత దగ్గర్లో ఈ జాగా ఖాళీగా ఉందేమయ్యా?"

"ఖాళీయేనండి," అన్నాడు విశ్వేశ్వరరావు.

వారం తిరక్కుండా గుట్ట ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీకి శాంక్షనై, చుట్టూ కంచె పడింది. విశ్వేశ్వరరావు ఆడిన మాట తప్పలేదు. మంత్రిగారు జింకను చూశారు కనుక రామన్నకు ఆర్డరు వచ్చింది, కంచె దగ్గరే డ్యూటీ. కాగితాన్ని కళ్ళకద్దుకుని రామన్న ఏడ్చేశాడు.

డ్యూటీలో చేరిన మొదటి ఉదయమే తల్లిజింక ఒకటి పిల్లతో వచ్చి కంచె సందులో నిలబడింది. రామన్నకు ప్రాణం లేచొచ్చింది. గేటు గదిలోంచి ఫోన్ చేశాడు.

"సార్, మన జింకలు మల్లొచ్చినయి. ఏం జెయ్యమంటరు?"

"తరుమయ్యా. పర్మనెంటు నువ్వు, అవి కాదు."

రామన్న ఫోన్ పెట్టేసి, మూలనున్న కర్ర తీసుకున్నాడు.