మామగారి చేతి గడియారం

మామగారి పుట్టినరోజు పొద్దున్నే పెద్దల్లుడు బీరువాలోంచి వాచీ పెట్టె తీసి భార్య ముందు పెట్టాడు. కిందటేడు చిన్నల్లుడు పడక్కుర్చీ కొనిచ్చినప్పటి నుంచీ అతని కడుపు ఉడికిపోతూనే ఉంది. మామగారు ఆ కుర్చీ దిగరు, చిన్నల్లుడి భజన మానరు. పైగా తనను "మీరు" అంటారు, వాణ్ణి "ఒరే" అంటారు. ఆ "ఒరే" అనే పిలుపు కోసం అతను ఎంత మొహం వాచిపోయాడో భార్యకే తెలుసు.

"దీనికి బ్యాటరీ ఉండదు, కీ ఇవ్వక్కర్లేదు. చెయ్యి కదులుతుంటే చాలు, దానంతటదే నడుస్తుంది. ఇక మీ నాన్న ఆ కుర్చీ ఊసెత్తితే అడుగు!"

"ముందు నాన్న చెయ్యి కదపాలి కదండీ," అంది భార్య. అసూయతో మూసుకుపోయిన చెవికి ఆ మాట ఎక్కలేదు.

మామగారు వాచీ చూసి మురిసిపోయారు. పెట్టుకుని వెళ్లి కుర్చీలో కూర్చున్నారు. రెండ్రోజులు తిరిగేసరికి వాచీ ఆగిపోయింది.

"పాడైపోయిన సరుకు అంటగట్టాడేమో," అని అత్తగారు అన్నట్టు తెలియగానే పెద్దల్లుడు పరుగున వెళ్లాడు.

"వాచీకేం కాలేదు మామయ్యగారూ! కూర్చునే కాస్త చెయ్యి ఊపుతూ ఉండండి."

మామగారు చెబితే వినే మనిషి. కిటికీ పక్కనే కుర్చీ, కుర్చీలో ఆయన, ఊగుతున్న చెయ్యి. ఎదురింటావిడ తననే పిలుస్తున్నారనుకుని వచ్చింది. ఆవిడ వెనకే పోస్టుమాన్ వచ్చాడు. దారినపోయే టాక్సీ ఆగింది. పిలిచి ఎక్కకపోవడమేమిటని డ్రైవరు తగువేసుకున్నాడు. వచ్చినవాళ్లందరికీ కాఫీలు పెట్టి పెట్టి అత్తగారి నడుం పడిపోయింది. ఇది నరాల జబ్బేనని తేల్చుకుని ఆవిడ డాక్టరుకు కబురు పంపింది. డాక్టరు గుమ్మం దాకా వచ్చి, ఆ ఊపుడు చూసి, తనను పొమ్మంటున్నారనుకుని వెనుదిరిగాడు.

అప్పుడొచ్చాడు చిన్నల్లుడు. బడిలో డ్రిల్లు మాస్టారు. పొద్దస్తమానం చేతులు ఆడించడమే అతని ఉద్యోగం.

"ఈ పూటకి నాకివ్వండి మామయ్యా, నడిపించి తెస్తా," అన్నాడు.

సాయంత్రానికి వాచీ టిక్కుటిక్కుమంటూ తిరిగొచ్చింది. మామగారి కళ్లు చెమర్చాయి.

"ఒరే, చచ్చినదాన్ని బతికించావురా! ఇక నీ దగ్గరే ఉంచుకో," అని వాచీ అతని చేతికే తొడిగేశారు. తర్వాత పెద్దల్లుడి వైపు తిరిగి, "మీరేమీ అనుకోరుగా?" అన్నారు.

"అబ్బే," అన్నాడు పెద్దల్లుడు. లోపల మాత్రం భగ్గున మండిపోయాడు.

మరుసటేడు అతను బాగా ఆలోచించి, ఎవరి చేతికీ పట్టనంత పెద్ద గోడగడియారం కొన్నాడు.

మేకు చిన్నల్లుడు కొట్టాడు.