మచ్చల కోటు, మొండి మరకలు

పాండురంగానికి సూర్యాపేటలో బియ్యం దుకాణం ఉంది. అయితే తన గురించి ఎవరైనా అడిగితే బియ్యం మాట ఆఖర్న చెబుతాడు. సిపాయిలు చెట్టూచేమల్లో కలిసిపోవడానికి తొడుక్కునే మచ్చల బట్టలు తడిమి, బొత్తాలూ కుట్టూ జిప్పూ చూసి, ఏ ఏడాదివో చెప్పగల మొనగాడు జిల్లాలో తానొక్కడేనని ఆయన గర్వం. నిజమే, పోటీకి వచ్చినవాళ్లు కూడా ఎవరూ లేరు.

1968 వేసవిలో ఆ ఆదివారం ఆయన వేసుకున్న ప్లాను చిన్నదే. కోదాడ సంతలో పాతబట్టల కుప్పలోంచి ఏరుకొచ్చిన మచ్చల కోటును తెల్లారగట్ల దండెం మీద ఆరేసి, దుకాణం చూసుకుని రావాలి. పదింటికి కోదాడ నుంచి రిటైర్డ్ మేజర్ దశరథ వస్తాడు. హైదరాబాదులో పెట్టబోయే పాత యుద్ధ సామగ్రి ప్రదర్శనకు వస్తువులు ఏరుతున్నది ఆయనే. కోటు నచ్చితే దాని కింద అట్టమీద ‘గుర్తించినవారు: పాండురంగం’ అని అచ్చవుతుంది. చేతి పట్టీలకు బొత్తాలున్నాయి కనుక అది 1944 తర్వాతిదని ఆయన ఎప్పుడో తేల్చేశాడు. పైగా కాలరు లోపల నల్లగా మూడు చుక్కలు, ఒక అడ్డగీత ఉన్నాయి. అది పారాచూట్ దళం రహస్య ముద్ర అని మేజర్‌కు నాలుగు పేజీల ఉత్తరం కూడా రాశాడు.

తొమ్మిదిన్నరకు ఇంటికొచ్చేసరికి దండెం ఖాళీ.

"గీడ ఆరేసిన కోటేది?"

"సత్తమ్మకు ఉతకనీకి ఇచ్చిన," అంది భార్య అన్నపూర్ణ. "పెద్దమనిషి వస్తుండంటిరి. అన్ని మరకలున్న కోటు ఆయన ముంగట పెడ్తరా? ఇజ్జత్ ఉండొద్దా?"

"అవి మరకలు కావే! రంగులు!"

"గసుంటి రంగులు ఎవలన్న ఏయించుకుంటరా?"

పాండురంగం చెప్పులైనా తొడుక్కోకుండా చాకిరేవుకు పరుగెత్తాడు. అక్కడ సత్తమ్మ దాదాపు ఏడుస్తోంది.

"సావుకారీ, సోడా ఏసి ఉడకవెట్టిన, నిమ్మకాయ రుద్దిన. ఒక్క మరక పోతలేదు. ముప్పయేండ్ల సంది ఉతుకుతున్న, నా పేరు ఖరాబైతది. జర ఆగున్రి, ఇంకోసారి ఉడకవెడ్త."

"వద్దు తల్లీ, నీకు దండం పెడ్త!" అని ఆయన తడికోటు లాక్కుని వెనుదిరిగాడు. మరకలు పోని బట్ట తిరిగిచ్చే అలవాటు లేని సత్తమ్మ వెంటపడింది.

ఇంటిముందు అప్పటికే జీపు ఆగి ఉంది. "ఉతకనీకి పోయింది, మరకలన్ని పోతయి, కూసోండ్రి," అని అన్నపూర్ణ మర్యాదగా చెప్పిన మాట విని మేజర్ కుర్చీలో కూలబడి ఉన్నాడు. నీళ్లు కారుతున్న కోటును చూసి లేచాడు. చేతి పట్టీలు తిప్పి చూశాడు.

"కాస్త వెలిసింది గానీ బతికిపోయిందండీ. నలభై నాలుగు తర్వాతిదే, మీ లెక్క కరెక్టు. మరి ఆ ముద్ర ఏదీ?"

పాండురంగం ఛాతీ విరుచుకుని కాలరు తిప్పాడు. "ఉడకవెట్టినా చెక్కు చెదరలే, సూడున్రి. మిలట్రీ సిరా!"

మరకల గొడవలో ఇంతవరకు కాలరు తిప్పి చూడని సత్తమ్మ మెట్ల దగ్గర నిలబడి మెడ సాచి చూసింది. "మిలట్రీ ఏంది సావుకారీ, అది నేను జీడిగింజ రసంతోని పెట్టిన చాకలి గుర్తు! ఏ ఇంటి బట్ట ఆ ఇంటికి పోవద్దా? మూడు చుక్కలు, అడ్డగీత, మన ఎనక గల్లి యాదగిరన్న ఇంటిది. మీ ఇంటికి రెండు చుక్కలు."

పాండురంగం చెయ్యి తన చొక్కా కాలరు మీదికి పోయింది. మేజర్ వంగి చూశాడు. రెండు చుక్కలే. రాసిన నాలుగు పేజీలూ గుర్తొచ్చి పాండురంగానికి తల ఎత్తబుద్ధి కాలేదు.

"ఎప్పుడు పెట్టావమ్మా ఈ గుర్తు?" అన్నాడు మేజర్.

"యాదగిరన్న బర్మా లడాయికెల్లి వచ్చిన ఏడు. రజాకార్ల గడబిడకు రెండేండ్ల ముందట. ఇదే కోటు తొడుక్కొని గల్లీల నడిస్తే ఊరంత సూడవోయింది. మీరు అప్పటికింక ఈ ఊరికి రాలే. ఆయన పోయినంక కొడుకు కోదాడ సంతల అమ్ముకున్నడు." సత్తమ్మ కోటును కోపంగా చూసింది. "అప్పుడు గూడ నన్ను ఓడగొట్టింది ఇదే!"

మేజర్ కాలరు మీది మూడు చుక్కలను వేలితో తడిమాడు. "బొత్తాలు చూసి ఏడాది మనం చెప్పగలమండీ. తొడుక్కున్న మనిషి పేరు చెప్పినవాళ్లు నాకు ఇంతవరకు తగల్లేదు."

పాండురంగానికి ముందు ప్రాణం చివుక్కుమంది. తర్వాత యాదగిరి గుర్తొచ్చాడు. పదేళ్లపాటు తన దుకాణంలోనే బియ్యం కొన్న మనిషి, లడాయి మాట ఎన్నడూ ఎత్తలేదు.

"మేజర్ సాబ్, అట్టమీద నా పేరొద్దు. మా సత్తమ్మ పేరు రాయించున్రి."

ప్రదర్శన చూసి తిరిగొచ్చిన రోజు పాండురంగం అట్టమీది మాటలు కాగితం మీద రాసుకొచ్చి, గల్లీ అంతటికీ వినబడేలా తానే చదివి వినిపించాడు: ‘సూర్యాపేట సిపాయి యాదగిరి కోటు. 1946లో ఇంటికి తెచ్చినది. గుర్తించినవారు: సత్తమ్మ.’ తన పేరే అచ్చయినంత సంబరంతో రెండుసార్లు చదివాడు.

సత్తమ్మ శ్రద్ధగా విని, మరకలు పోలేదన్న సంగతి అందులో రాయలేదు కదా అని అడిగింది.